ఉద్యోగం వద్దన్న ఆటగాడు

మన తెలుగులో రెండు మాటలు పుట్టినింటిని మరచి మెట్టినింట స్థిరపడిపోయాయి. ఒకటి ఉద్యోగం, రెండోది వృత్తి. ఉద్యోగమంటే మొదట పూనిక, ప్రయత్నం. అందుకే భారతంలో యుద్ధ సన్నాహాలను చెప్పే పర్వానికి ఉద్యోగపర్వమని పేరు వచ్చింది. కాలక్రమాన ఆ మాట నెలజీతానికి పర్యాయపదమై, పింఛనుతో ముగిసే సుఖాంత కావ్యంగా మారింది. వృత్తి అంటే బ్రతుకుతెరువు, నడవడి. అది ఇప్పుడు కులవృత్తులన్న సమాసంలోనూ, దరఖాస్తు ఫారాలలోని ఒక గడిలోనూ తలదాచుకుంటున్నది. మూడు దశాబ్దాలకు పైగా బడిలో తెలుగు చెప్పి, నెలనెలా పింఛను పుచ్చుకుంటున్నవాణ్ణి గనుక ఉద్యోగాన్ని నిందించే ఉద్దేశం నాకు లేదు. కాని మన నగరంలో పుట్టిన ఒక మనిషి ఉద్యోగమనే మాటకు పాత అర్థాన్నే పట్టుకొని, క్రొత్త అర్థాన్ని వద్దనుకొని బ్రతికాడు. ఆయనను గురించి తెలుగులో నాలుగు మాటలు వ్రాయకపోవడం అన్యాయమని నా అభిప్రాయం.

ఆయన పేరు మహమ్మద్ హబీబ్. 1949 జూలై 17న హైదరాబాదులో పుట్టారు. 2023 ఆగస్టు 15న, దేశమంతా జెండాలెగిరిన రోజున, ఇదే నగరంలో కన్నుమూశారు. నడుమ ఉన్న డెబ్బై నాలుగేళ్ళలో దాదాపు రెండు దశాబ్దాలు ఆయన కలకత్తా మైదానాలలో ఫుట్‌బాల్ ఆడారు. ఆట తప్ప వేరే ఆధారం పెట్టుకోకుండా ఆడారు. బ్యాంకులూ సంస్థలూ ఉద్యోగాలిస్తామని వచ్చినా కాదన్నారు. భారతదేశంలో తొలి నిజమైన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాడని ఆయనను చెప్పుకోవడానికి కారణం అదే.

ఈ మాట బరువు తెలియాలంటే ఆ రోజుల పద్ధతి కొంత తెలియాలి. కాగితాల మీద అప్పటి ఆటగాళ్ళందరూ అమెచ్యూర్లే, అనగా ఆటను ఆటగా మాత్రమే ఆడేవారు. కలకత్తాలో పెద్ద క్లబ్బులు ఆటగాళ్ళకు డబ్బు ముట్టజెప్పేవన్నది లోకమెరిగిన రహస్యం. అయినా ఆ డబ్బును నమ్ముకొని ఎవరూ ఇల్లు కట్టేవారు కాదు. రైల్వేలోనో, పోర్టులోనో, బ్యాంకులోనో, పోలీసు శాఖలోనో ఒక కొలువు ఉండాలి. ఉదయం హాజరుపట్టీలో సంతకం, సాయంత్రం ఆట. మోకాలు విరిగినా ఒకటో తారీఖున జీతం వస్తుంది. ఆ భరోసా లేకుండా, పదిహేడో ఏట ఇల్లు విడిచి, భాష తెలియని నగరానికి పోయి, నా కాళ్ళే నా కొలువు అన్న కుర్రవాడి తెగువ ఎంతటిదో ఆలోచించండి.

విచిత్రమేమిటంటే, హబీబ్ పుట్టిన నగరపు ఫుట్‌బాల్ వైభవమంతా కొలువు మీద కట్టినదే. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు సార్లు బొంబాయి రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. మా జాతివాడే, బడిపంతులు! నగరంలోని పాఠశాలల్లో పాఠాలు చెప్పి, మైదానంలోనూ పాఠమే చెప్పాడు. భారత జట్టుకు ఆయన శిక్షకుడుగా ఉన్న కాలంలోనే 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణాలు వచ్చాయి. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో మనవాళ్ళు నాలుగో స్థానంలో నిలిచారు. 1963 జూన్‌లో రహీం సాబ్ పోయేనాటికి హబీబ్‌కు పద్నాలుగేళ్ళు నిండలేదు. ఆయన మీద 2024లో హిందీలో సినిమా వచ్చిన తరువాత మన పిల్లలకు ఆ పేరు కొంత తెలిసింది. సినిమా వస్తేగాని పంతులు గుర్తుకు రాడన్నది వేరే సంగతి.

1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు బెంగాల్‌ను ఓడించి సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ వెంటనే, 1966లో, హబీబ్ ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరారు. అక్కడి నుంచి లెక్క చూడండి. 1968లో మోహన్ బగాన్. 1970 నుంచి 1974 దాకా మళ్ళీ ఈస్ట్ బెంగాల్. 1975లో మహమ్మడన్ స్పోర్టింగ్. 1976లో మళ్ళీ మోహన్ బగాన్. ఇలా మూడు క్లబ్బుల నడుమ తిరుగుతూ 1984 దాకా ఆడారు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ వాడు మోహన్ బగాన్‌కు పోవడమంటే మన పల్లెల్లో ఒక ముఠావాడు రెండో ముఠాలో చేరినంత పని. ఆ రెండు క్లబ్బుల అభిమానులు చేపల దగ్గర కూడా ఏకాభిప్రాయానికి రారు. గెలిచిన నాడు ఒకరు పులసను, మరొకరు రొయ్యను ఆరగిస్తారు. అటువంటి చోట ఇరుపక్షాలవారూ ఆయనను ‘బడే మియా’ అనే పిలిచారు. తమ్ముడు అక్బర్ ‘ఛోటే మియా’. 1976 కలకత్తా లీగులో ఆట మొదలైన పదిహేడో సెకనులోనే ఈస్ట్ బెంగాల్ మీద గోలు కొట్టి మోహన్ బగాన్‌ను గెలిపించినవాడు ఈ తమ్ముడే.

మూడు క్లబ్బులు మారినవాడికి నమ్మకమెక్కడిదని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నాకు ఆ వాదన నచ్చదు. నమ్మకం క్లబ్బు మీద కాదు, పని మీద. మేస్త్రీ ఈ ఏడు ఒక ఇల్లు, వచ్చే ఏడు మరో ఇల్లు కడతాడు. గోడ నిలువుగా వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. హబీబ్ గోడలు నిలువుగానే వచ్చాయి. 1970 నుంచి 1975 దాకా ఈస్ట్ బెంగాల్ వరుసగా ఆరు సార్లు కలకత్తా లీగు గెలిస్తే, తొలి ఐదింటిలో ఆయన ఉన్నారు. 1977లో మోహన్ బగాన్ ఐఎఫ్ఏ షీల్డు, రోవర్స్ కప్, డ్యురాండ్ కప్ మూడింటినీ ఒకే ఏడాది గెలిచినప్పుడు ఆ జట్టులోనూ ఉన్నారు. భారత జట్టు 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో జపానును ఓడించి కాంస్యం తెచ్చింది. ఆ జట్టు నాయకుడు మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్, పక్కన హబీబ్. ఆ తరువాత ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్‌కు పతకమన్నది రాలేదు.

ఇక ఆయన ఆడిన స్థానం గురించి. కొందరు ఆయనను ముందువరుస ఆటగాడంటారు, కొందరు మధ్యరంగ ఆటగాడంటారు. ఇద్దరూ సత్యమే పలుకుతున్నారు. (కాలిబంతి, మధ్యరంగం వంటి మాటలు చేసుకోవచ్చు. కాలిబంతి నిఘంటువులో అందంగా ఉంటుంది, మైదానంలో మాత్రం బ్రతకదు. పల్లెలో పిల్లవాడు కూడా ఫుట్‌బాలే అంటాడు. మధ్యరంగం పర్వాలేదు.) పూర్వం ఐదుగురు ముందు, ముగ్గురు మధ్య, ఇద్దరు వెనుక నిలిచేవారు. తరువాత వరుసలు మారాయి. ముందువాళ్ళలో ఒకరు వెనక్కు వచ్చి బంతిని అందుకొని, మళ్ళీ ముందుకు మోసుకుపోవలసిన అవసరం కలిగింది. హబీబ్ చేసినది ఆ పని. గోలు కొట్టేవాడి పేరు పత్రికలో వస్తుంది, గోలు ఆపేవాడికి చప్పట్లు పడతాయి. వీరిద్దరి నడుమ తొంభై నిమిషాలూ పరుగెత్తేవాడి శ్రమ, రెండు పదాల నడుమ సంధి వంటిది. సంధి కుదిరినప్పుడు వినేవాడికి ఒకే మాట వినబడుతుంది, సంధి వినబడదు. కుదరనప్పుడే అక్కడేదో ఉండాలని తెలుస్తుంది.

ఆ సంధి ఒక్కసారి లోకమంతటికీ వినబడింది. 1977 సెప్టెంబరు 24న, వానకు తడిసిన ఈడెన్ గార్డెన్స్‌లో, మోహన్ బగాన్ న్యూయార్క్ కాస్మోస్ జట్టుతో ఆడింది. అటువైపు పేలే ఉన్నాడు. 1970 ప్రపంచకప్ గెలిచిన బ్రెజిల్ నాయకుడు కార్లోస్ ఆల్బెర్టో ఉన్నాడు. ఇటలీవాడు కినాలియా ఉన్నాడు. కార్లోస్ ఆల్బెర్టో మొదటి గోలు కొట్టాడు. శ్యామ్ థాపా సమం చేశాడు. పిమ్మట హబీబ్ గోలుతో మోహన్ బగాన్ రెండుకు ఒకటిగా ముందుకు వెళ్ళింది. చివరకు కినాలియా పెనాల్టీతో ఆట రెండు రెళ్ళుగా ముగిసింది. పేలేకు అప్పటికి ముప్పయ్యారేళ్ళు నిండాయి, అది స్నేహపూర్వకమైన ఆట, నిజమే. అయినా మూడు ప్రపంచకప్పులు గెలిచిన మనిషి ఎదుట తలవంచకుండా, అతడూ ఆటగాడే మనమూ ఆటగాళ్ళమే అన్నట్టు ఆడడం చిన్న విషయం కాదు.

2025 డిసెంబరు 13న లయొనెల్ మెస్సీ హైదరాబాదు వచ్చాడు. ఉప్పల్ స్టేడియంలో కాసేపు బంతితో కనబడ్డాడు. మా అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి కూడా హయత్‌నగర్, ఎల్బీనగర్ మీదుగా కుర్రవాళ్ళు పోయారు. నీలం తెలుపు చారల చొక్కాలు ఆ వారమంతా మా వీధులలో తిరిగాయి. పోవడం తప్పనను. మహానుభావుణ్ణి కళ్ళారా చూడాలనుకోవడం మంచి కోరికే. కాని ఆ చొక్కాలవారిలో పేలే జట్టు మీద గోలు కొట్టినవాడు ఈ నగరంవాడేనని తెలిసినవారెందరు? తప్పు వారిది కాదు. ఎవరూ చెప్పలేదు. నేను బోధించిన తెలుగు వాచకాలలో రాజులూ కవులూ వచ్చారు, దేశభక్తులు వచ్చారు, హైదరాబాదు ఫుట్‌బాల్ ఆటగాడొక్కడు నాకు తారసపడలేదు.

ఎందుకు తారసపడలేదు? ఇక్కడ మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. హబీబ్, నయీం, రహీం ఇంట మాట్లాడింది ఉర్దూ. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టి, 1960 రోమ్ ఒలింపిక్సులో హంగరీ మీద గోలు కొట్టిన తులసీదాస్ బలరాంది తమిళ కుటుంబం. వీరు గొప్పగా ఆడింది కలకత్తాలో. కనుక తెలుగువాడి లెక్కలో వీరు ఎటూ చెందని వారయ్యారు. భాషను బట్టి మనవారిని ఎంచుకుంటామన్న నియమం నిజంగా ఉంటే నేనేమీ అనను. కాని మఖ్దూం మొహియుద్దీన్ ఉర్దూ కవి. ఆయనను మనవాడని చెప్పుకోవడానికి తెలుగు కవులు ఎన్నడూ వెనుకాడలేదు, వెనుకాడకూడదు కూడా. కవికి ఇచ్చిన ఆ పౌరసత్వం ఆటగాడికి ఎందుకు ఇవ్వము? పాదాలతో చేసిన పనిని చేతివ్రాత కంటె తక్కువగా చూసే అలవాటు పండితులమైన మాలో ఉన్నదని నా అనుమానం.

కలకత్తా లెక్క వేరు. ఆ నగరం బలరాంను చివరిదాకా తన దగ్గరే ఉంచుకున్నది. 2023 ఫిబ్రవరిలో ఆయన అక్కడే పోయారు. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు హబీబ్‌కు భారత గౌరవ్ పురస్కారమిచ్చింది. బెంగాల్ ప్రభుత్వం బంగ విభూషణ్ ఇచ్చింది. అంతకు ముందెప్పుడో, 1980లో, కేంద్రం అర్జున ఇచ్చింది. ఒకే ఏడాదిలో ఇద్దరూ పోతే బెంగాలీలు తమ ఇంటివారు పోయినట్లు తలచుకున్నారు.

ఆటగాణ్ణి గుర్తుంచుకోవడం ధనిక దేశాల విలాసమని ఎవరైనా అంటే, వారికి జాంబియాను చూపిస్తాను. ఆఫ్రికా దక్షిణభాగంలో రాగి గనుల దేశమది. అక్కడి క్లబ్బులు గనుల ఆసరాతో బ్రతికాయి, మన జట్టు పోలీసు శాఖ ఆసరాతో బ్రతికినట్లే. ఆ గనుల ఊళ్ళలో ఒకటైన ముఫులిరాలో 1963లో పుట్టిన కలూషా బ్వాల్యా, మధ్యరంగం నుంచి ముందుకు దూసుకుపోయే ఆటగాడు, 1985లో బెల్జియం పోయి, అటుపిమ్మట హాలండులో పీఎస్వీకి ఆడి ప్రొఫెషనల్‌గా పేరు తెచ్చుకున్నాడు. 1988 సియోల్ ఒలింపిక్సులో జాంబియా ఇటలీని నాలుగు సున్నాలతో ఓడిస్తే, అందులో మూడు గోలులు అతడివి. 1993 ఏప్రిల్ 27న జాంబియా జట్టు విమానం గాబన్ తీరంలో సముద్రంలో కూలి, అందులోని ముప్పైమందీ చనిపోయారు. కలూషా యూరప్ నుంచి వేరుగా బయలుదేరవలసి ఉన్నందున బ్రతికాడు. మరుసటి ఏడాది క్రొత్త జట్టుకు నాయకుడై ఆఫ్రికా కప్ ఫైనల్ దాకా తీసుకుపోయాడు. చనిపోయినవారిని ఆ దేశం లుసాకాలో స్టేడియం పక్కనే ఖననం చేసింది. ఆటకు పోయేవాడు ఆ సమాధులను దాటి పోతాడు. ధనం లేని దేశానికీ జ్ఞాపకం ఉంటుంది.

అయితే జ్ఞాపకాలతో కడుపు నిండదన్నవారి మాటనూ వినాలి. మా కాలనీలో లారీ నడిపే ఒకాయన కిందటేడు నన్నడిగాడు: “సారూ, మా పోరడు బాల్ మంచిగ ఆడతడంటున్నరు. ఆటల కోటాల పోలీసు నౌకరి వస్తదా? రాదంటె ట్యూషన్‌కు పంపుత.” ఈ ప్రశ్నను చూసి నవ్వే పెద్దమనుషులున్నారు. నేను నవ్వలేదు. సిటీ పోలీసు జట్టు పుట్టింది ఈ ప్రశ్నలోంచే. హబీబ్ మార్గం గొప్పదే గాని, దానిని తండ్రులందరికీ ఉపదేశించలేము. ఆట ఆగిననాడే రాబడి ఆగిపోయే మార్గమది. ఆయన అదృష్టవశాత్తూ పద్దెనిమిదేళ్ళు ఆడారు. తరువాత టాటా ఫుట్‌బాల్ అకాడమీలోనూ, హల్దియాలోనూ పిల్లలకు నేర్పారు. బలరాం మాత్రం అనారోగ్యంతో ఇరవైల వయసులోనే ఆట మానవలసివచ్చింది. చివరి ఏళ్ళలో హబీబ్‌కు పార్కిన్సన్స్ వ్యాధి, మతిమరుపు రెండూ వచ్చాయి. ఊరు ఆయనను మరచిన కాలంలోనే ఆయన తన ఆటను తాను మరచిపోతూ వచ్చారు. ఇది వ్రాయడానికి చేయి రాదు.

కనుక ఆ లారీ డ్రైవరుకు నేను కోటా గురించి తెలిసినది చెప్పి, కుర్రవాణ్ణి రెండింటికీ పంపమన్నాను. ఆయన అడిగినది సబబే. అటువంటి ప్రశ్న అడగనవసరం లేని స్థితిని మనం తేలేకపోవడమే తప్పు. ఆటనే పనిగా ఎంచుకున్నవాడికి జీతం, వైద్యం, ఆట తరువాత మరో దారి ఉండే వ్యవస్థ యాభై ఏళ్ళ క్రితం లేదంటే అర్థముంది. ఇప్పుడూ నిలకడగా లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ అన్న జట్టు 2019లో వచ్చింది, 2022 మార్చి 20న కేరళ జట్టును పెనాల్టీలలో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. సంబరపడ్డాము. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకున్నది. 1966లో ఆటగాడు ఊరు విడిచిపోయాడు. ఇప్పుడు జట్టే పోయింది.

ఇంకొక మాట, నేల గురించి. ఫుట్‌బాల్ మైదానం నూరు మీటర్ల పొడవు, అరవై నాలుగు మీటర్ల వెడల్పు అనుకున్నా ఎకరంన్నర పైచిలుకు కావాలి. మా వైపు విజయవాడ రహదారికి ఇరుప్రక్కలా ఎకరంన్నర అంటే ఎన్ని ప్లాట్లో, గజం ఎంతో చంటిపిల్లవాడు కూడా చెబుతాడు. 2022 నుంచి ఊరూరా క్రీడాప్రాంగణం బోర్డులు వెలిశాయి, సంతోషమే. నేను చూసినంతలో వాటిలో ఖోఖో, వాలీబాల్ పడతాయి, ఫుట్‌బాల్ పట్టదు. వెంచర్ల బ్రోషర్లలో ఈతకొలను బొమ్మ ఉంటుంది, గుడి బొమ్మ ఉంటుంది. గోలుపోస్టు బొమ్మ నేనింకా చూడలేదు. పిల్లలు అమ్ముడుపోని ప్లాట్ల నడుమ హద్దురాళ్ళనే గోలుపోస్టులు చేసుకొని ఆడుతున్నారు. ప్లాటు అమ్ముడైతే పక్క ప్లాటుకు మారతారు.

మిత్రులారా, మీలో కొందరి ఇళ్ళలో ఫతే మైదానంలోనో, సికింద్రాబాదు జింఖానాలోనో ఆ ఆటలు కళ్ళారా చూసిన తాతలూ మేనమామలూ ఇంకా ఉండివుంటారు. వారిని అడగండి. సన్మానపత్రాల భాష వద్దు. ఎవరు బంతిని ఎవరికి ఎటువైపు నుంచి అందించారో, ఆట ముగిశాక ఏ హోటల్లో చాయ్ తాగారో, టికెట్టు ఎంతో, వాన పడితే ఏం చేశారో అడిగి తెలుగులో వ్రాయండి. వారు ఉర్దూలో చెబితే ఉర్దూలోనే విని తెలుగులో వ్రాయండి. చెప్పేవారి వయసు ఎనభై దాటుతున్నది. ఈ ఎండాకాలం సెలవుల్లోనే అడగండి.